ముద్దనూరు దగ్గర బండి ఎటు తిప్పాలి: తాడిపత్రి నుంచి పోర్టు లోడు

తాడిపత్రిలో బండలో, గ్రానైటో, సిమెంటో ఎక్కించుకుని సముద్రం వైపు బయలుదేరిన లారీకి ముద్దనూరు దాకా దారి ఒక్కటే. అక్కడ రెండుగా చీలుతుంది. 67 నంబరు హైవే పట్టుకుంటే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు, కృష్ణపట్నం పోర్టు. 716 పట్టుకుంటే ఎర్రగుంట్ల, కడప, రాజంపేట, కోడూరు మీదుగా రేణిగుంట, అటు నుంచి చెన్నై.

ఈ చీలిక దగ్గర లారీల వాళ్ల మాట ఒకటిగా ఉండదు. పది, ఇరవై బండ్లు తిప్పే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు నెలకు ఎన్ని ట్రిప్పులు పడతాయో చూసుకుంటాయి కాబట్టి కృష్ణపట్నం లోడుకు 67కే ఓటేస్తాయి. ఒక్క బండి ఉండి తానే తోలుకునే యజమాని కడప దారి వైపు మొగ్గుతాడు. దారి పొడవునా ఊళ్లు, మెకానిక్కులు, టైరు షాపులు, వాకబు చేస్తే రిటన్ లోడు, అంటే తిరుగు ప్రయాణానికి సరుకు. ఇద్దరి లెక్కా తప్పు కాదు. అయితే కృష్ణపట్నానికి బరువు లోడు ఉన్నప్పుడు కూడా అలవాటు కొద్దీ రేణిగుంట వైపు తిప్పడం మాత్రం డీజిలు దండగ.

బయలుదేరే ముందే కాటా వేయించాలి. పది టైర్ల లారీకి లోడుతో కలిపి 28.5 టన్నులు దాటకూడదు. బండి సొంత బరువు 9, 10 టన్నులు తీసేస్తే మిగిలేది 18, 19. గ్రానైటు ఘనమీటరుకు సుమారు 2.7 టన్నులు తూగుతుంది, అంటే 7 ఘనమీటర్లకే లెక్క నిండిపోతుంది. బాడీలో సగం ఖాళీగా కనిపిస్తుంది, ఇంకో రెండు బండలు వేద్దామనిపిస్తుంది. అక్కడే మునుగుతారు. ఓవర్‌లోడుకు జరిమానా 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000, ఎక్కువున్న సరుకు దింపించే ఖర్చు కూడా మనదే. ఒక్కసారి పట్టుబడితే ఆ ట్రిప్పు బాడుగలో మిగిలేది ఏమీ ఉండదు. సరుకు రవాణాకు ఉండాల్సిన జీఎస్టీ పత్రం ఇ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఇస్తారు. పోర్టు దూరం 200 దాటుతుంది కాబట్టి రెండు రోజులు దొరుకుతాయి. బండి ఎక్కడైనా ఆగిపోతే గడువుకు 8 గంటల ముందు నుంచి, గడువు దాటాక 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. ఆ తర్వాత కుదరదు.

67 మీద జమ్మలమడుగు నుంచి మైదుకూరు దాకా మైదానమే. మైదుకూరులో కర్నూలు, నంద్యాల నుంచి కడప పోయే 40 నంబరు హైవే కలుస్తుంది. బండికి పని ఉంటే ఇక్కడే చేయించుకోవాలి. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూడాలి, స్టెప్నీ గాలి చూడాలి, కట్టిన తాళ్లు బిగించాలి, బీఎస్-6 బండి అయితే పొగను శుద్ధి చేసే యాడ్‌బ్లూ ద్రవం నింపుకోవాలి. బద్వేలు దాటాక అడవి, పి.పి.కుంట చెక్‌పోస్టు, తర్వాత వెలిగొండ మలుపులు, మర్రిపాడు. ఆ మధ్య రాత్రి పూట కమాన్ పట్టీ (బరువు మోసే స్ప్రింగు పట్టీ) విరిగితే తెల్లారేదాకా దిక్కుండదు. అందుకే రాత్రికి బద్వేలులో ఆగి, వేకువన కదిలితే మేలు. ఎండాకాలం అయితే మరీను. కడప ఎండకు వేడెక్కిన టైరులో గాలి పెరిగిందని తీసేయకూడదు. చల్లారాక గాలి తక్కువై, పక్కగోడలు నలిగి, మరుసటి రోజు పేలేది ఆ టైరే.

ఈ దారికి అసలు మార్పు ఇంకా రావాల్సి ఉంది. బద్వేలు దగ్గరి గోపవరం నుంచి నెల్లూరు జిల్లా గురువిందపూడి దాకా 108.134 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డుకు 3,653.10 కోట్లతో కేంద్ర క్యాబినెట్ 2025 మేలో ఆమోదం తెలిపింది. ఇప్పుడు 142 కిలోమీటర్లున్న దూరం దాదాపు 34 తగ్గుతుంది. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండికి పోను ఎనిమిదిన్నర లీటర్లు, రాను మరో ఎనిమిదిన్నర. ఆ మిగులును టోలు మింగేస్తుందన్నది చిన్న యజమానుల బెంగ. టోలు ఎంతో తేలాకే ఆ లెక్క పూర్తవుతుంది. కానీ ఊళ్ల మధ్య గేరు మార్చీ మార్చీ అరిగే క్లచ్చు ప్లేటునూ, డ్రైవరు నడుమునూ ఆ లెక్కలో వేసుకోవాలి.

చెన్నై లోడుకు 716 సరైనదే. చైత్ర పౌర్ణమి రోజుల్లో ఒంటిమిట్ట కల్యాణానికి జనం పోటెత్తుతారు, ఆ సాయంత్రాలు తప్పించండి. కోడూరు దాటాక శేషాచలం అడవి. ఎర్రచందనం దాచారేమోనని బాలుపల్లె చెక్‌పోస్టులో పట్టా (సరుకు మీద కప్పిన టార్పాలిన్) విప్పి చూపించమంటారు. పట్టా ఒక పక్క నుంచి తేలిగ్గా లేచేలా ముడి వేసుకుంటే అరగంట కలిసొస్తుంది.

చిత్తూరు వైపు నుంచి రాయచోటి మీదుగా లోడుతో కడపకు తిరిగొచ్చేవాళ్లకు గువ్వలచెరువు ఘాట్ వేరే సంగతి. పైన పాలకోవా అంగళ్ల దగ్గర బండి ఆపాలి. కోవా కోసమే కాదు, బ్రేకు డ్రమ్ములు చల్లారడానికి. ఏ గేరులో ఆ ఘాటు ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి, ఇంజను పొగను అడ్డుకుని బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు వేసి ఉంచాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే బరువంతా బ్రేకు లైనర్ల మీద పడుతుంది. కాలిన వాసన వస్తుంది, పెడలు తొక్కినా పట్టు ఉండదు. ఊరికే తొక్కీ వదిలీ చేస్తే బ్రేకులు నడిపే ట్యాంకులో గాలి పడిపోతుంది. గాలి తగ్గిందని బజరు మోగిందంటే రోడ్డు పక్కకు తీసి ఆపాల్సిందే. వేడి డ్రమ్ము మీద నీళ్లు పోయొద్దు, పగులుతుంది.

టోలు విషయం. 24 గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది. పోర్టులో హాల్టింగు ఎంతసేపో చెప్పలేం కాబట్టి ఆ తగ్గింపును బాడుగ మాట్లాడేటప్పుడు లెక్కలో వేసుకోకండి. ఫాస్టాగ్‌లో డబ్బు అయిపోతే యూపీఐతో కట్టండి, ఒకటింపావు రెట్లతో పోతుంది. నగదు ఇస్తే రెట్టింపని 2025 నవంబరులో రూలు పెట్టారు.

కృష్ణపట్నం నుంచి సిమెంటు ఫ్యాక్టరీలకు బొగ్గు రిటన్ లోడుగా దొరుకుతుంది, ఖాళీగా రావడం కన్నా నయం. బొగ్గు దింపాక మాత్రం బాడీ మూలలు ఊడ్చి, కడిగి, ఆరనిచ్చాకే తర్వాతి సరుకు ఎక్కించాలి. తడి బాడీలో సిమెంటు బస్తాలు వేస్తే అడుగు వరస గడ్డకడుతుంది, ఆ నష్టం బాడుగలోనే కోస్తారు.