హకమోర్ సెట్ కొంటున్నారా? ఆ ముడుల్ని ఒకసారి మెలితిప్పి చూడండి

'కాలిఫోర్నియా వకేరోల (గుర్రాల మీద పశువులు కాసేవాళ్ళ) పద్ధతి, అంతా చేతి అల్లిక' అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న హకమోర్ సెట్లలో నకిలీ ముడులు వస్తున్నాయి, జాగ్రత్త. నోట్లో ఇనుము లేకుండా, ముక్కు మీద ఉండే అల్లిన పచ్చితోలు పట్టీతోనే, అంటే బోసాల్‌తోనే, గుర్రాన్ని నడిపే సామాను ఇది. చూడ్డానికి అలంకారంలా ఉన్నా లాగుడంతా పడేది ఈ ముడుల మీదే.

ముందు హీల్ నాట్ సంగతి. బోసాల్ రెండు కొసలూ గడ్డం కింద కలిసేచోట ఉండే బుడిపె అది. మెకాటే, అంటే వెంట్రుకల పగ్గం, చుట్లన్నీ దాని మీదే ఆగుతాయి. అసలుదైతే సన్నటి పచ్చితోలు పేటను ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా దూరుస్తూ బోసాల్ మీదే అల్లి బిగిస్తారు. నకిలీలో విడిగా అల్లిన గొట్టాన్ని తొడిగి జిగురు పూస్తున్నారు. చెమటకు జిగురు వదులుతుంది. గుర్రం తల విదిలించగానే ముడి జారుతుంది, చుట్లు ఊడతాయి, పగ్గం ఉత్తినే మీ చేతిలో ఉంటుంది. బోసాల్‌ను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని రెండో చేత్తో ముడిని మెలితిప్పండి. వెంట్రుకవాసి కూడా తిరగకూడదు.

ఫియడోర్‌లో, అంటే బోసాల్‌ను పట్టి ఉంచేలా మెడ చుట్టూ కట్టే తాడులో, మోసం ఇంకో రకం. గడ్డం కింద ఫియడోర్‌కే ఉండే పెద్ద ముడిలోకి నాలుగు పేటలు వెళ్ళి, పైన నాలుగు పేటలు రావాలి: ఒక ఉచ్చు (రెండు పేటలు), రెండు విడి కొసలు. ఆ కొసల్ని ఎడమవైపు ఉచ్చుకు కడతారు. నకిలీలో పేటల్ని మధ్యలో కోసి, కొస కాల్చి లోపలికి తోసేస్తున్నారు. ఒక్కో పేటనూ విడిగా లాగండి, తెలిసిపోతుంది. కోయకపోయినా, నున్నటి నైలాన్ తాడును పేట పేటగా బిగించకపోతే ముడి వదులై మెడ ఉచ్చు పెరుగుతుంది, చెవుల మీంచి జారిపోతుంది.

లోపల స్టీలు కేబుల్ ఉన్న బోసాల్ వద్దు. అది ముక్కు ఆకారానికి ఒదగదు, రాసుకుని పుండు చేస్తుంది. అయస్కాంతం అంటితే స్టీలే; అంటకపోతే మాత్రం నిశ్చింత లేదు, స్టెయిన్‌లెస్ కావచ్చు.

మెకాటే సుమారు 22 అడుగులు ఉండాలి. రెండు పోగులు కాల్చండి: వెంట్రుక పొడి బూడిదవుతుంది, నైలాన్ గట్టి పూసలా ముద్దకడుతుంది. జూలు ధర చెప్పి తోక వెంట్రుక అంటగడితే చెయ్యే చెబుతుంది, గరుగ్గా గుచ్చుకుంటుంది.

డబ్బు కట్టేముందు హీల్ నాట్‌ను కిందివైపు నుంచి తీసిన ఫోటో అడగండి. ఇప్పటికే కొన్నవాళ్ళు, తాడును మధ్యలో కోసి ఉండకపోతే, ఫియడోర్‌ను విప్పి మళ్ళీ కట్టుకోవచ్చు. జిగురు ముడి బోసాల్‌ను మాత్రం వాపసు పంపేయండి, మళ్ళీ అంటించి వాడకండి.