ప్రభుత్వ ఖర్చుతో అంత్యక్రియలు: మా బాబాయి విషయంలో నా అనుభవం

బాబాయి పోయిన రోజు మా చేతిలో డబ్బు లేదు. ప్రభుత్వ ఖర్చుతో జరిపించమని దరఖాస్తు పెట్టాం. మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, బీమా ఉందా లేదా, అన్నీ అడిగారు. ఆయన పేరు మీద ఏమైనా ఉంటే ఖర్చు ముందు అందులోంచే తీసుకుంటామన్నారు. అది న్యాయమే. తేదీ, టైమ్ మాత్రం వాళ్లే పెట్టారు; దూరం నుంచి అక్క వచ్చేలోపే అంతా అయిపోయింది. అది మార్చాలి, కచ్చితంగా.

శవపేటిక మీద చీటీలో బాబాయి పేరు తప్పుగా ఉంది. చెప్పగానే అక్కడి ఉద్యోగి కొత్త చీటీ తెచ్చి, ఒక్కో అక్షరం నన్ను అడిగి రాసి, అంచులు బొటనవేలితో నొక్కి అతికించాడు. చివరిచూపుకు 10 నిమిషాలన్నారు గానీ, ఎవరూ తొందరపెట్టలేదు. డబ్బు లేనివాళ్లమని చిన్నచూపు చూడలేదు.