ఎన్‌వీడీఏ తెలుగు చదివితే: గొంతు గరుకు, పని నిక్కచ్చి

విండోస్ కంప్యూటర్‌లో చూపుతో పనిలేకుండా తెలుగు చదవాలంటే, రాయాలంటే, పైసా ఖర్చు లేని దారి ఎన్‌వీడీఏ. తెర మీదున్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్, అంటే స్క్రీన్ రీడర్ ఇది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరూ చూపులేనివాళ్లే. ఇప్పుడు ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని చూసుకుంటోంది, సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. ప్రోగ్రామ్‌కి ఐదులో నాలుగున్నర ఇవ్వొచ్చు. తెలుగు గొంతుకి రెండున్నర దాటి ఇవ్వడం కష్టం. అయినా రోజువారీ పనికి ఇదే నమ్మదగింది, ఎందుకో కింద ఉంది.

ఇన్‌స్టాల్ చేసి తెలుగు ఫైలు తెరిస్తే చాలామందికి మొదట ఎదురయ్యేది నిశ్శబ్దం. ఫైలు పాడైపోలేదు. విండోస్ 10, 11లలో ఎన్‌వీడీఏ తనంతట తాను విండోస్‌లో ఉన్న ఇంగ్లిష్ గొంతునే పట్టుకుంటుంది. దానికి తెలుగు అక్షరం కనబడితే దాటేసి పోవడమే తెలుసు. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి సింథసైజర్ల (రాతని గొంతుగా మార్చే ప్రోగ్రామ్‌ల) జాబితాలో ఈస్పీక్ ఎన్‌జీ ఎంచుకోండి. అది ప్రోగ్రామ్‌తోపాటే వస్తుంది, విడిగా దించుకోనక్కర్లేదు. తర్వాత ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, వి నొక్కితే వాయిస్ సెట్టింగ్స్ వస్తాయి, అక్కడ తెలుగు గొంతు పెట్టుకోవాలి. ఎన్‌వీడీఏ కీ అంటే మామూలుగా ఇన్సర్ట్. ఇన్సర్ట్ చేతికందని ల్యాప్‌టాప్‌లో, మొదటిసారి వచ్చే స్వాగతం డబ్బాలోనే క్యాప్స్‌లాక్‌ని కూడా ఆ పనికి టిక్ పెట్టుకుంటే తర్వాత తిప్పలుండవు.

అదే వాయిస్ సెట్టింగ్స్‌లో ఇంకో మెలిక ఉంది: ఆటోమేటిక్ లాంగ్వేజ్ స్విచింగ్. పేజీ తయారుచేసినవాళ్లు అది ఏ భాషో కోడ్‌లో రాసిపెడితే దాన్నిబట్టి గొంతు మారుతుంది. ఉద్దేశం మంచిదే. కానీ పేజీ నిండా తెలుగే ఉన్నా భాష దగ్గర ఇంగ్లిష్ అని రాసి వదిలేసిన సైట్లు తక్కువేం కాదు. అక్కడ మీరు ఏరికోరి పెట్టుకున్న తెలుగు గొంతు పక్కకు తప్పుకుని ఇంగ్లిష్ గొంతు దిగుతుంది, మాట మాటలా వినబడదు. ఆ టిక్ తీసేయండి. తీసేసినందువల్ల పెద్దగా పోయేది లేదు. మధ్యలో ఇంగ్లిష్ మాటలొస్తే తెలుగు ఈస్పీక్ వాటిని తనే ఇంగ్లిష్‌గా పలుకుతుంది.

ఇక గొంతు సంగతి. ఈస్పీక్ వెనక రికార్డు చేసిన మనిషి ఎవరూ లేరు. ధ్వనిని లెక్కగట్టి పుట్టిస్తుంది, అందుకే ఆ రేకు డబ్బా మోత. కథలు వినడానికి పనికిరాదు, పద్యం జోలికి అసలు పోవద్దు. కానీ ప్రూఫులు దిద్దేవాళ్లకి ఇంతకన్నా మంచి తోడు దొరకదు. రాసిన అక్షరానికి నియమం ప్రకారం ఏ శబ్దం రావాలో అదే వస్తుంది, సందర్భం చూసి సర్దుకోవడం ఉండదు. ‘పాలు’ రాయబోయి ‘పలు’ రాస్తే ‘పలు’ అనే వినబడుతుంది. చుక్కలు, కొటేషన్లు కూడా వినాలంటే ఎన్‌వీడీఏ కీతో పి నొక్కుతూ స్థాయి పెంచుకోవచ్చు. గొంతు మరీ చెవిలో గుచ్చుకుంటుంటే వాయిస్ సెట్టింగ్స్‌లోనే వేరియంట్ మార్చి చూడండి, కొంత మెత్తబడుతుంది.

మెనూల్లో తిరిగేటప్పుడు వేగం కావాలి, పేజీలు వరసగా వినేటప్పుడు నెమ్మది కావాలి. దీనికి కాన్ఫిగరేషన్ ప్రొఫైల్ ఉంది, అంటే ఒక్కో సందర్భానికి విడిగా దాచుకునే సెట్టింగులు. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, పి నొక్కి, న్యూ దగ్గర ‘సే ఆల్’ ఎంచుకుంటే, ఏకబిగిన చదివేటప్పుడు మాత్రమే ఆ ప్రొఫైల్‌లో పెట్టిన వేగం అమలవుతుంది. తయారు చేయగానే, ఇప్పుడే యాక్టివేట్ చేసి మార్చుకుంటారా అని అడుగుతుంది. సరేనని వేగం తగ్గించాక, మళ్లీ అదే డబ్బాలోకి వచ్చి దాన్ని ఆపాలి. ఇక్కడే మరచిపోతారు. ఆపకపోతే మెనూలు కూడా నత్తనడక నడుస్తాయి.

బ్రౌజర్‌లో హెచ్ నొక్కితే శీర్షికల మీదుగా, కె నొక్కితే లింకుల మీదుగా, బి నొక్కితే బటన్ల మీదుగా గెంతుతుంది. తెలుగు వార్తల సైట్లలో ఒక చిక్కు: శీర్షికని శీర్షికగా గుర్తించకుండా అక్షరాలు లావు చేసి ఊరుకున్నచోట హెచ్ నొక్కినా ఫలితం ఉండదు. అప్పుడు ఎన్ నొక్కాలి. వరస లింకుల గుంపుని దాటించి అసలు వార్త దగ్గర దించుతుంది. చాలామందికి తెలియని కీ ఇది.

తెలుగు టైపు చేసేటప్పుడు బాణం కీ, బ్యాక్‌స్పేస్ ఒకే కొలత పాటించవు. ‘క్ష’ తెర మీద ఒకటే అక్షరం, లోపల మాత్రం క, పొల్లు, ష అని మూడు ముక్కలు. బాణం మూడింటినీ ఒక్క గెంతులో దాటుతుంది, బ్యాక్‌స్పేస్ ఒక్కో ముక్కనే చెరుపుతుంది. అందుకే ఒత్తు తప్పుపడితే అక్షరమంతా కొట్టేయనక్కర్లేదు, ఒక్క నొక్కు చాలు. అనుమానం వచ్చిన అక్షరం దగ్గర నంబర్ ప్యాడ్‌లో 2ని వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే దాని యూనికోడ్ సంఖ్య, అంటే కంప్యూటర్ లోపల ఆ అక్షరానికున్న నంబరు, చెబుతుంది.

ఎన్‌వీడీఏ ఏమీ చేయలేనిది అను ఫాంట్లలో చేసిన పీడీఎఫ్. డీటీపీ సెంటర్లనుంచి వచ్చే పుస్తకాలు, కరపత్రాలు ఇంకా వీటిలోనే ఎక్కువ. తెర మీద తెలుగు ఉంటుంది, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, వింత గుర్తులు. స్క్రీన్ రీడర్ లోపలిదే చదువుతుంది. పేజీలను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల లెక్కన) బొమ్మలుగా మార్చి, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్‌కి తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషలూ ఇచ్చి నడిపితే చదవగలిగే పాఠం వస్తుంది. డీపీఐ తగ్గితే మొదట దెబ్బతినేవి ఒత్తులే. రెండు కాలమ్‌ల పేజీని ముందే నిలువుగా కత్తిరించకపోతే ఎడమ వరసా కుడి వరసా కలిసిపోయే ప్రమాదముంది.

సొంత కంప్యూటర్ లేనివాళ్లు టూల్స్ మెనూలోనుంచి పోర్టబుల్ కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. లాగిన్ తెర దగ్గర, పాస్‌వర్డ్‌తో అనుమతి అడిగే తెరల దగ్గర అది నోరు విప్పదు, అంతవరకు పక్కవాళ్ల సాయం తప్పదు. విండోస్ 7 ఇంకా నడుపుతున్న పాత మెషీన్‌కి 2023.3 వరసే ఆఖరిది, కొత్తది ఎక్కదు. లినక్స్‌వాళ్లకి గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఓర్కా అనే స్క్రీన్ రీడర్ ఉంది, సూపర్ (విండోస్ గుర్తున్న కీ), ఆల్ట్, ఎస్ నొక్కితే లేస్తుంది. తెలుగుకి అక్కడా ఇదే ఈస్పీక్ పనికొస్తుంది.

ఫోన్‌లో గూగుల్ వద్దనుకుని, ఆండ్రాయిడ్ మీదే కట్టిన గ్రాఫీన్ ఓఎస్ వేసుకున్నా, ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ అందులోనే ఉంటుంది. గొంతుకి ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్‌లోనుంచి ఈస్పీక్ దించుకుని, ఆ యాప్‌ని ఒకసారి తెరిచి, ఆ తర్వాతే టెక్స్ట్-టు-స్పీచ్ సెట్టింగ్‌లో ఎంచుకోవాలి. అక్కడినుంచి భారమంతా యాప్‌లు తయారుచేసేవాళ్లది. బొమ్మ బటన్‌కి పేరు పెట్టకపోతే అది దేనికో టాక్‌బ్యాక్ చెప్పలేదు. పేరు పెట్టినవాళ్లలోనూ కొందరు ‘పంపు బటన్’ అని రాస్తారు. టాక్‌బ్యాక్ బటన్ అన్న మాటని ఎలాగూ తనే చేరుస్తుంది కాబట్టి ‘పంపు బటన్, బటన్’ అని వినబడుతుంది. ‘పంపు’ అని రాస్తే చాలు.