ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య) ఉన్న బిడ్డ హోంవర్కు: హాస్టలా, ట్యూషనా, మనమే నేర్చుకోవడమా? ఏది మేలు?

రాత్రి ఏడింటికి పుస్తకం తీసి, తొమ్మిదిన్నరకి ఏడుపులతో మూసే ఇళ్లు బెజవాడలో, గుంటూరులో చాలానే ఉన్నాయి. అమ్మకు ఓపిక చచ్చిపోతుంది, నాన్న గొంతు లేస్తుంది, పిల్లాడు నిద్రపోయాక ఇద్దరికీ బాధే. పైగా చుట్టాల మాట: "గారాబం చేసి చెడగొట్టారు."

విసిగిపోయినప్పుడు ముందు గుర్తొచ్చేది హాస్టల్. ఇంట్లో గొడవ ఆ రోజుతో ఆగుతుంది, నిజమే. కానీ కుదురుగా కూర్చోవడమే కష్టమైన బిడ్డకు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లంటే శిక్షే. మందు వేళకు ఎవరిస్తారు? మందు వల్ల ఆకలి తగ్గి అన్నం వదిలేస్తున్నాడేమో ఎవరు చూస్తారు? ఫోన్ మోగినప్పుడల్లా మీకు గుండెదడ. చిన్న పిల్లలకు ఇది వద్దనే మా మాట.

ట్యూషన్ కొంత నయం. చదువు గొడవ బయటికి పోతే తల్లీబిడ్డల మధ్య కాస్త ప్రేమ మిగులుతుంది. అయితే ఐదారుగురికి మించని బ్యాచ్ కావాలి, గంట చాలు, టీచరుకు విషయం ముందే చెప్పాలి. ముప్పై మంది మధ్య కూర్చోబెట్టి, ఇంటికొచ్చాక మళ్లీ పుస్తకం తీయిస్తే ఉన్న ఒత్తిడి రెట్టింపవుతుంది.

మూడోది తల్లిదండ్రులే శిక్షణ తీసుకోవడం. నెమ్మదైన దారే, కానీ మేమైతే దీన్నే ముందు పెడతాం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు కూడా నాలుగైదేళ్ల పిల్లలకు మందుకన్నా ముందు దీన్నే చెప్పాయి. ఆరేళ్లు దాటితే మందుతో పాటు ఇదీ ఉండాలన్నాయి. అందులో నేర్పేవి చిన్న పనులే. వంటింట్లోంచి కేకేయకుండా దగ్గరికెళ్లి, కళ్లలోకి చూసి, ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. చేసిన వెంటనే మెచ్చుకోవాలి. పది నిమిషాల చదువు, మూడు నిమిషాల విరామం. "ఫస్టొస్తే సైకిల్" అన్న మాట ఈ పిల్లలకు పనిచేయదు, అంత దూరం వాళ్లు ఆగలేరు. ఐదు లెక్కలకు ఒక స్టిక్కరు, ఆ సాయంత్రమే దానికి బదులు పావుగంట ఆట.

చాలామంది ఈ పద్ధతి వదిలేసేది మొదట్లోనే. ఏడిస్తే పని తప్పేది ఇన్నాళ్లూ. ఇప్పుడు తప్పకపోయేసరికి మొండితనం ముందు పెరుగుతుంది, ఆ తర్వాతే తగ్గుతుంది. పెరిగిన రోజున లొంగిపోతే, ఇంకా గట్టిగా ఏడవాలని మనమే నేర్పినట్టు.

ఇంకొకటి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మందుల్లో తక్కువసేపు పనిచేసే రకం మిథైల్‌ఫెనిడేట్ ప్రభావం సుమారు నాలుగు గంటలే. పొద్దున ఎనిమిదికి వేసింది రాత్రి ఏడింటికి ఉండదు. పిల్లాడు కావాలని చేస్తున్నాడనుకోకండి. తినిపించి, కాసేపు ఆడనిచ్చి, అలసిపోకముందే హోంవర్కు సాయంత్రానికి జరపండి. మాత్ర పెంచడం, మానడం డాక్టరుతో మాట్లాడాకే.

శిక్షణ ఎక్కడ దొరుకుతుందో బెజవాడ, గుంటూరుల్లోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల మానసిక వైద్య విభాగంలో అడగండి. మీకే నిద్ర పట్టకపోతున్నా, ఊరికే ఏడుపొస్తున్నా 14416కు ఫోన్ చేయండి: టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఏడీహెచ్‌డీ చాలావరకు వంశపారంపర్యం. మీకూ చిన్నప్పటి నుంచి మరపు, తొందరపాటు ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి.

హోంవర్కు రోజు విడిచి రోజు పంచుకోండి. వంతు కానివాళ్లు ఆ గంట పక్క గదిలోంచి కూడా మాట కలపకూడదు.