ట్యాగ్ క్లీనప్ స్క్రిప్టు కొనేవాళ్లు ఇది చదివి కొనండి

క్లౌడ్ ట్యాగులు (అద్దె సర్వర్ల వంటివాటికి మనం తగిలించే పేరు-విలువ చీటీలు) శుభ్రం చేసిపెడతాం అంటూ అమ్ముతున్న ఆ స్క్రిప్టు జోలికి పోకండి. ఏదో చెప్పక్కర్లేదు, వెతుకుతున్నవాళ్లకి ఈపాటికి కనబడే ఉంటుంది. పాత ప్రాజెక్టు ట్యాగు ఒక్కటి తీయమంటే అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్)లో 412 ఈసీ2 రిసోర్సుల (సర్వర్లు, డిస్కుల్లాంటివి) మీదున్న ట్యాగులన్నీ ఊడ్చిపెట్టింది. ఎవరు ఏం చేయొచ్చో తేల్చే సెక్యూరిటీ ట్యాగులు కూడా అందులోనే పోయాయి.

లోపల నడిచేది ఏడబ్ల్యూఎస్ సీఎల్ఐ (కమాండ్లు టైపు చేసే టూల్)లోని మామూలు 'ఈసీ2 డిలీట్-ట్యాగ్స్' కమాండే. దానికి రిసోర్స్ ఐడీలు ఇచ్చి, ట్యాగ్స్ ఆప్షన్ ఇవ్వకపోతే 'ఏ ట్యాగు తీయాలి' అని అడగదు, ఎర్రర్ కూడా రాదు. మనం పెట్టుకున్నవన్నీ తీసేస్తుంది. 'ఏడబ్ల్యూఎస్:' అని మొదలయ్యేవి మాత్రం ఉంటాయి. ఒక్క కాల్‌కి 1000 ఐడీల దాకా ఇవ్వొచ్చు. ఇదంతా డాక్యుమెంటేషన్‌లో ఉన్నదే, దాచిందేమీ లేదు. మన మహానుభావుల స్క్రిప్టు మాత్రం కాన్ఫిగ్ ఫైల్లో కీ (ట్యాగు పేరు) దొరికితేనే ట్యాగ్స్ ఆప్షన్ తగిలిస్తుంది, దొరక్కపోతే అది లేకుండానే కమాండు కొట్టేస్తుంది. కాన్ఫిగ్‌లో ఒక్క అక్షరం తప్పు పడింది. అంతే.

పోయిన ట్యాగుల కన్నా ఎక్కువ మండించింది వాళ్ల సపోర్టు జవాబు. "డ్రై రన్ పాసయ్యాకే కదండీ మీరు ఓకే కొట్టారు?" అట!

డ్రై రన్ అంటే కమాండుని నిజంగా నడపకుండా పరీక్షించడం. అది చూసేది పర్మిషన్ ఒక్కటే. అనుమతి ఉంటే 'డ్రైరన్ఆపరేషన్' అనీ, లేకపోతే 'అన్‌ఆథరైజ్డ్ఆపరేషన్' అనీ చెప్తుంది. ఏ ట్యాగులు పోతాయో, ఎన్ని పోతాయో ఒక్క ముక్క చెప్పదు. అంటే డ్రై రన్ పాసయిందంటే 'తుడిచేసే అధికారం మీకుంది' అని అర్థం. వీళ్లు దాని పక్కన పచ్చ టిక్కు పెట్టి 'సురక్షితం' అని చూపించారు. ఈ సంగతి తెలిసుండీ ఆ టిక్కు నమ్మిన నా తెలివికో దండం. డబ్బు వెనక్కివ్వమంటే 'ట్యాగ్ రీస్టోర్ ప్యాకేజీ కూడా ఉందండీ, మీకు డిస్కౌంట్ ఇస్తాం' అన్నారు. తగలబెట్టినవాడే నీళ్లు అమ్మడమంటే ఇదే.

సెక్యూరిటీ ట్యాగు పోతే దెబ్బ రెండు వైపులా తగులుతుంది, రెండోదే ప్రమాదం. 'ట్యాగు విలువ ఫలానాది కాకపోతే డినై (అనుమతి లేదు)' అని స్ట్రింగ్‌నాట్ఈక్వల్స్‌ షరతుతో రాసిన పాలసీకి (అనుమతుల నియమానికి) ట్యాగు అసలు లేకపోయినా షరతు నిజమే అవుతుంది, అందరూ బయటే నిలబడతారు. అది వెంటనే తెలిసిపోతుంది, ఫోన్లు మోగుతాయి. కానీ 'ప్రొటెక్టెడ్ ట్యాగు ట్రూ అయితే టర్మినేట్ డినై' అని స్ట్రింగ్ఈక్వల్స్‌తో రాసినది ట్యాగు పోగానే చప్పుడు లేకుండా చచ్చుబడుతుంది. ఎవరైనా ఆ మెషిన్ తీసేసేదాకా తెలియదు. ట్యాగు చూసి వాల్యూములు (డిస్కులు) ఎంచుకునే స్నాప్‌షాట్ (బ్యాకప్ కాపీ) పాలసీలూ అంతే: ఎర్రర్ ఉండదు, ఆ రాత్రి నుంచి స్నాప్‌షాట్ ఉండదు.

వెనక్కి తెచ్చుకోవడానికి అన్‌డూ లేదు. ఎవరు ఏ కమాండు కొట్టారో రాసిపెట్టే క్లౌడ్‌ట్రెయిల్ ఈవెంట్ హిస్టరీ 90 రోజులదే. అందులోని డిలీట్‌ట్యాగ్స్ రికార్డులో కనబడేది మీరు అడిగినది మాత్రమే. ట్యాగులు పేర్కొనకుండా అడిగితే ఐడీలు దొరుకుతాయి, పాత విలువలు దొరకవు. రిసోర్సుల మార్పులు రికార్డు చేసే ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగ్ సర్వీసు ముందే ఆన్ చేసి ఉంటే దాని హిస్టరీలో ట్యాగులు ఉంటాయి, బతికిపోతారు. టెర్రాఫామ్‌ (క్లౌడ్ సెటప్‌ని కోడ్‌గా రాసుకునే టూల్)తో పెట్టినవైతే మళ్లీ అప్లై చేస్తే వచ్చేస్తాయి, కానీ ట్యాగుల మీద ఇగ్నోర్ చేంజెస్ (మార్పులు పట్టించుకోకు) పెట్టి ఉంటే రావు. చేత్తో పెట్టుకునేవాళ్లు రక్షణ ట్యాగులు ముందు పెట్టండి, బిల్లింగ్ ట్యాగులు ఆ తర్వాత పెట్టుకోవచ్చు. ఇంకొకటి, బయట లాకైపోయిన రోల్‌కి (అనుమతులు కట్టిన ఖాతా లాంటిది) ట్యాగు తిరిగి పెట్టే వీలు కూడా ఉండకపోవచ్చు. ఆ పాలసీ వర్తించని రోల్‌తో చేయండి.

వేరే క్లౌడ్ కదా అని ధీమా వద్దు. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో 'ఏజెడ్ ట్యాగ్ డిలీట్'కి రిసోర్స్ ఐడీ ఇస్తే మొత్తం సెట్టు పోతుంది. ఒక్కటే తీయాలంటే 'ఏజెడ్ ట్యాగ్ అప్‌డేట్'లో ఆపరేషన్ డిలీట్ అని ఇవ్వాలి. గూగుల్ క్లౌడ్ కమాండు జీక్లౌడ్‌లో ఇన్‌స్టాన్స్ (సర్వర్) నెట్‌వర్క్ ట్యాగులు తీసే 'రిమూవ్-ట్యాగ్స్' కాస్త నయం, అన్నీ తీయాలంటే 'ఆల్' అని మనమే నోటితో చెప్పాలి.

కొనకుండా మీరే చేసుకునేట్టయితే: ముందు 'డిస్క్రైబ్-ట్యాగ్స్' అవుట్‌పుట్ జేసన్‌ ఫైలుగా దాచుకోండి, ప్రతి రీజియన్‌కీ విడిగా. కీతో పాటు విలువ కూడా ఇవ్వండి, అప్పుడు విలువ సరిపోలినవే పోతాయి. కీలో చిన్న, పెద్ద అక్షరాల తేడా ఉంటుంది. మొదట ఒక్క ఐడీ మీద కొట్టి చూడండి. బయటివాళ్ల రోల్స్‌కి డిలీట్‌ట్యాగ్స్ డినై పెట్టేటప్పుడు క్రియేట్‌ట్యాగ్స్ కూడా కలపండి, ఉన్న కీ మీద కొత్త విలువ రాసేస్తే ప్రొటెక్టెడ్ ట్రూ కాస్తా ఫాల్స్ అవుతుంది. ఎస్3 (ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే సర్వీసు) బకెట్లకి ఇవేవీ వర్తించవు, అక్కడ 'డిలీట్-బకెట్-ట్యాగింగ్' కొడితే అసలు కీ అడిగే పద్ధతే లేదు, మొత్తం పోతుంది.