పశు నష్టపరిహారం: రెండుసార్లు తీసుకున్న పాడిరైతుగా నా అనుభవం

మాది ఆంధ్రప్రదేశ్‌లో బుడమేరు వాగుకు దగ్గర్లో ఓ పల్లె. పదహారేళ్లుగా పాడి మీదే బతుకుతున్నాం. విపత్తులో పశువులు చనిపోతే ప్రభుత్వం ఇచ్చే పరిహారం రెండుసార్లు తీసుకున్నాను. 2018లో పిడుగు పడి ఒక గేదె పోయింది. 2024 సెప్టెంబరు వరదలో మూడు గేదెలు, ఒక దూడ పోయాయి. ఐదుకు మూడు మార్కులు వేస్తాను.

మొదటిసారి పాడి గేదెకు 30,000 వచ్చింది. 2022లో కేంద్రం ఈ రేట్లను పాడి పశువుకు 37,500, ఎద్దుకు 32,000, గొర్రెకు, మేకకు 4,000 చేసింది. బుడమేరు వరదప్పుడు మన రాష్ట్రం ఇంకా పెంచి పాడి పశువుకు 50,000, దూడకు 25,000 ప్రకటించింది. ఎవరి చేయీ తడపాల్సిన పని లేకుండా నేరుగా ఖాతాలో పడింది. ఈనిన ముర్రా గేదె లక్ష దాటుతున్న రోజుల్లో అది సగమే. ఆ సగం కూడా రాకపోతే పాడి మానేసేవాణ్ణి, అది నిజం.

ఇబ్బందంతా రుజువు దగ్గరే. ఆదివారం తెల్లవారకముందే కొట్టంలోకి మోకాళ్లలోతు నీళ్లు వచ్చేశాయి. కొడవలితో పలుపులు తెగ్గోశాను. ఐదు గేదెల్లో రెండు గట్టెక్కాయి. నీళ్లు తీశాక రెండు గేదెలు, దూడ వెనక కంచెలో చిక్కుకుని కనిపించాయి. పశువుల డాక్టరు వచ్చి చెవి ట్యాగులు కడిగించి, నంబర్లు చూసి, ఫొటోలు తీసుకుని కాగితం రాసిచ్చారు. ఆ మూడింటికీ 1,25,000 వచ్చింది. మూడో గేదె కొట్టుకుపోయింది, అది నిండు చూడిది. కళేబరం లేదు కాబట్టి కుదరదన్నారు. ఊరి పెద్దల సంతకాలతో నాలుగుసార్లు తిరిగినా పని కాలేదు.

డబ్బు కూడా మొదటి విడతలో రాలేదు. ఆధార్ పాత ఖాతాకు లింకై ఉంది. అది సరిచేయించుకుని అక్టోబరు నెలాఖరుకు అందుకున్నాను. ఆ రెండు నెలలూ పాల డబ్బు లేదు, మిగిలిన రెంటికీ దాణా అప్పు తెచ్చి పెట్టాను. ఆ టెన్షన్ ఏ లెక్కలోకీ రాదు.

ఇంకో సంగతి. కేంద్రం నిబంధనల ప్రకారం ఇంటికి పాడి పశువులైతే మూడింటికే, గొర్రెలు, మేకలైతే 30కే సాయం. వంద జీవాల మంద పోగొట్టుకున్న కుటుంబానికి అది ఏ మూలకు సరిపోతుంది?

చనిపోయిన పశువును డాక్టరు చూడకముందే పూడ్చకండి. ట్యాగు కనబడేలా ఒక్కోదానికీ ఇప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి. ఖాతాకు ఆధార్ లింకు ఉందో లేదో ముందే చూసుకోండి.

ప్రభుత్వాన్ని నేను అడిగేది ఒక్కటే. ట్యాగు మీది 12 అంకెల నంబరు కొడితే పశువు ఎవరిదో మీ రికార్డులోనే వస్తుంది. పాల కేంద్రం పుస్తకంలో నేను ముందు రోజు దాకా పోసిన లెక్క ఉంది. వరదలో కొట్టుకుపోయిన పశువుకు ఆ రెండూ రుజువుగా తీసుకోండి.