కరెంట్ ఖాతా, యాప్, సౌండ్‌బాక్స్: ఒక ప్రభుత్వ రంగ బ్యాంకుతో 14 నెలలు

బెంగళూరు మారతహళ్లిలో నేను నడుపుతున్న పొడులు, పచ్చళ్ల అంగడి కోసం 14 నెలల క్రితం దగ్గర్లోని ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో కరెంట్ ఖాతా, అంటే వ్యాపారులకిచ్చే ఖాతా, తెరిచాను. అంతకుముందు వసూళ్లన్నీ ఒక స్టార్టప్ ఇచ్చిన క్యూఆర్ కోడ్ ద్వారా వేరే బ్యాంకులోని నా పొదుపు ఖాతాకు చేరేవి. ఈ బ్యాంకు ఉద్యోగి ఒకరు స్వయంగా అంగడికి వచ్చి, క్యూఆర్, డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్‌బాక్స్, యాప్ తమ దగ్గరా ఉన్నాయని, పైగా ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో డబ్బు లేకున్నా ఒక పరిమితి దాకా వాడుకునే అప్పు) కూడా ఇప్పిస్తామని చెప్పడంతో మారాను. అనంతపురంలో మా నాన్న వ్యాపారం చేసిన రోజుల్లో బ్యాంకువాళ్లు అంగడి మెట్లెక్కి ఖాతా అడగడం ఊహకు కూడా అందని సంగతి. ఈ ఒక్క మార్పుకైనా స్టార్టప్‌లకు రుణపడి ఉండాలి.

ముందుగా సౌండ్‌బాక్స్ సంగతి. సాయంత్రం ఏడు దాటాక, ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లతో అంగడి కిక్కిరిసి ఉన్నప్పుడు, చెనిక్కాయల పొడి పొట్లం పట్టుకున్న కుర్రాడు ఫోను నా వైపు తిప్పి “అక్కా, వచ్చిందా?” అని అడుగుతాడు. డబ్బా పలకదు. అతని వెనక మరో నలుగురు నిలబడి ఉంటారు. సరే వెళ్లు బాబూ అని పంపించి, తర్వాతి మనిషికి గోంగూర తూకం వేస్తుండగా, అప్పుడు తీరిగ్గా 120 రూపాయలు వచ్చాయని ప్రకటిస్తుంది. తెలుగులో పలికేలా పెట్టమని అడిగితే శాఖలో చేతులెత్తేశారు; డబ్బాను సరఫరా చేసేదీ, మరమ్మతు చూసేదీ బ్యాంకు కాదని, టెండరులో పని దక్కించుకున్న బయటి సంస్థ అని అప్పుడు తెలిసింది. ఫిర్యాదు ఇస్తే, ఎవరూ రాకుండానే అది పరిష్కారమైనట్టు సందేశం వచ్చింది. పాత స్టార్టప్ కుర్రాడు బండి మీద వచ్చి, హెల్మెట్ కూడా తీయకుండా, ఐదు నిమిషాల్లో డబ్బా మార్చి వెళ్లేవాడు.

యాప్ చూడటానికి బాగుంది; స్టార్టప్‌ల యాప్‌లను దగ్గర పెట్టుకుని గీసినట్టుంది. తొలి తెరమీద బీమా, బంగారు రుణం, విమాన టికెట్లు వరుసగా కనబడతాయి గాని, ఖాతాలో నిల్వ ఎంతుందో తెలియాలంటే కంటి బొమ్మ ఎక్కడుందో వెతుక్కోవాలి. మొదటిసారి తెరిచేటప్పుడు నమోదైన నంబరు నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతటదే వెళ్లాలి. సిమ్‌ను ఫోనుతో ముడివేసే ఈ పద్ధతి మన భద్రత కోసమే కాబట్టి దాన్ని తప్పుపట్టను. కాని రెండు సిమ్‌లున్న నా ఫోనులో అది మూడుసార్లు విఫలమై, ఆపై 24 గంటలు ఆగమంది. మర్నాడు శాఖకు వెళితే, హిందూపురం నుంచి వచ్చిన ఆఫీసరు నవ్వి, “రెండో సిమ్ తీసేసి చూడండి మేడమ్” అన్నారు. నిమిషంలో పని అయింది. ఆ ఒక్క వాక్యం యాప్‌లో ఎక్కడా రాసి లేదు.

బ్యాంకుల పక్షాన చెప్పవలసినదీ ఉంది. 2016లో యూపీఐ మొదలైనప్పుడు అందులోకి ముందుగా వచ్చినవి బ్యాంకుల సొంత యాప్‌లే. ఈరోజు లావాదేవీల సంఖ్యలో దాదాపు 80 శాతం ఫోన్‌పే, గూగుల్ పే రెండింటి ద్వారానే జరుగుతున్నాయి. 2025 ఆగస్టులో నెలవారీ లావాదేవీల సంఖ్య 2,000 కోట్లు దాటింది. వాటిలో ప్రతి రూపాయినీ ఒక ఖాతాలో తగ్గించి మరో ఖాతాలో చేర్చవలసింది బ్యాంకుల సర్వర్లే. పేరు యాప్‌కు, భారం బ్యాంకుకు అన్నమాట. 2020 జనవరి నుంచి, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా చేసే యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర రుసుము తీసుకోవడానికి వీల్లేదు కనుక, ఆ భారానికి తగిన రాబడీ లేదు. పోనీ తొందరపడి కొత్త సేవలు తెద్దామంటే రిజర్వు బ్యాంకు ఊరుకోదు: వరుస అంతరాయాల తర్వాత 2020 డిసెంబరులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు కొత్త డిజిటల్ సేవలను ఆపించింది, 2024 ఏప్రిల్‌లో కోటక్ మహీంద్రా బ్యాంకు ఆన్‌లైన్‌లో కొత్త ఖాతాదారులను చేర్చుకోకుండా నిలిపింది. మరోవైపు 2020 మార్చిలో యెస్ బ్యాంకుపై మారటోరియం (డబ్బు తీసుకోవడం మీద ఆంక్ష) పడగానే, దాని మీద ఆధారపడిన మన బెంగళూరు ఫోన్‌పే కూడా ఆగిపోయి, ఐసీఐసీఐ బ్యాంకు ద్వారా మళ్లీ లేచింది. ఇవన్నీ తెలిసినదాన్నే అయినా, పొడి పొట్లంతో నిలబడిన కుర్రాడికి నేను ఇవన్నీ చెప్పలేను కదా.

అసలు సంగతి ఓవర్‌డ్రాఫ్ట్. దసరాకు ముందు నెయ్యి, నువ్వులు, మిరపకాయలు ఒకేసారి కొనడానికి డబ్బు కావలసి వచ్చింది. పాత స్టార్టప్ యాప్ పది నిమిషాల్లో అప్పు ఇస్తానంది. రోజూ వచ్చే వసూళ్లలోంచి వాయిదా కోసుకుంటుంది, వాన పడి బేరం లేని రోజు కూడా. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల పుణ్యమా అని అప్పు తీసుకునే ముందే వార్షిక వడ్డీ రేటు అన్ని ఖర్చులతో కలిపి చూపించవలసి వస్తోంది కాబట్టి, అది బ్యాంకు వడ్డీకి రెట్టింపు పైమాటేనని కళ్లారా చూశాను. బ్యాంకు యాప్‌లోనూ మీకు రుణం సిద్ధంగా ఉందన్న ప్రకటన ఉంది. నాలుగు పేజీలు నింపాక శాఖను సంప్రదించండి అని తేల్చింది.

శాఖలో మాత్రం నేను ఊహించని పద్ధతి కనిపించింది. 2021లో మొదలైన అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ ద్వారా, నా ఫోనులో నేను అనుమతి నొక్కగానే, వేరే బ్యాంకులోని నా పొదుపు ఖాతా ఏడాది లెక్కలు ఆఫీసరు కంప్యూటరులోకి నేరుగా వచ్చేశాయి. మధ్యనున్న సంస్థ ఆ వివరాలను చేరవేయగలదే గాని చదవలేదట. ఇంత ముచ్చటగా వచ్చిన లెక్కలను ఆయన 38 పేజీల ప్రింటు తీయించి, ప్రతి పేజీ కింద నా చేత సంతకం పెట్టించారు! ఫైలు పైకి వెళ్లాలంటే అంతే మేడమ్ అన్నారు. అయినా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) చూసి, అంగడికి వచ్చి సరుకు చూసి, ఏ తాకట్టూ లేకుండా 16 రోజుల్లో పరిమితి మంజూరు చేయించారు. వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకే వడ్డీ. యాప్‌ల మీద పోసే ప్రకటనల డబ్బులో కొంత ఈ 16 రోజులను మూడు రోజులు చేయడానికి పెడితే, స్టార్టప్ అప్పులవైపు మా వీధిలో ఎవరూ చూడరని నా అభిప్రాయం.

మరో మేలు అనుకోకుండా జరిగింది. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపినప్పుడు, మా చుట్టుపక్కల బేకరీలు, టీ కొట్లలో నగదు మాత్రమే అన్న బోర్డులు వెలిశాయి. నా పాత పొదుపు ఖాతాలో అంగడి వసూళ్లు, చీటీ డబ్బు, చుట్టాల చేబదుళ్లు కలగాపులగంగా ఉండేవి. కరెంట్ ఖాతా వచ్చాక వ్యాపారం లెక్క వేరుపడింది. పాతవాటిలో ఏది అమ్మకమో, ఏది కాదో అదే ఆఫీసరు పెన్సిలుతో గుర్తుపెట్టి ఇచ్చారు. నోటీసు నాకు రాలేదు గాని, ఆ కాగితాలు ఇప్పటికీ గల్లాపెట్టె కింద ఉన్నాయి.

రుణానికీ శాఖకూ ఐదుకు నాలుగు, యాప్‌కు రెండు, సౌండ్‌బాక్స్‌కు ఒకటి. బ్యాంకు డబ్బాను వాపసు ఇచ్చి, స్టార్టప్ డబ్బానే మళ్లీ బల్ల మీద పెట్టి, దాన్ని ఈ బ్యాంకు ఖాతాకే కలిపాను. చిన్న వ్యాపారులు ఖాతా తెరవచ్చు. తెరిచేముందు శాఖలో ఎవరితో మాట్లాడాలో కనుక్కోండి, ఎందుకంటే ఆ హిందూపురం ఆఫీసరుకు వచ్చే నెల బదిలీ అంటున్నారు, నా ఓవర్‌డ్రాఫ్ట్ పునరుద్ధరణ ఆ తర్వాతే ఉంది.